అవ్వోళ్ళ ఊరే వేసవి శిబిరం

ముందుగా ఒక కాగితం, పెన్ను తీసుకోండి. పన్నెండేళ్ళ లోపు మీరు గడిపిన వేసవి సెలవుల్లో బాగా గుర్తున్న అయిదు సంగతులు రాయండి. ఏరి కూర్చి రాయొద్దు, ముందు ఏది తోస్తే అది రాయండి. రాశాక ఒక్కోదాని పక్కన మూడు వివరాలు వేయండి. అప్పుడు మీ పక్కన ఎవరున్నారు? మీ చేతులు ఏం చేస్తున్నాయి? దానికి ఇంట్లోవాళ్ళకు ఎంత ఖర్చయింది?

తిరుపతి, చిత్తూరు వైపు పెరిగినవాళ్ళ కాగితాల మీద తరచూ కనబడే సంగతులు ఇవి: వీపుకు బెండ్లు కట్టి మామ బావిలో దించడం, తోపులో రాలిన మామిడికాయను ఉప్పూకారం అద్దుకుని తినడం, మిద్దె మీద వరసగా పరిచిన చాపల్లో పడుకోవడం, భారతం ఆట చూస్తూ చూస్తూ అవ్వ ఒడిలో నిద్రపోవడం. పక్కన ఎవరున్నారన్న చోట మేనమామ కొడుకు, పిన్నమ్మ కూతురు, పెదనాయన బిడ్డలు ఉంటారు. ఖర్చు రాయాల్సిన చోట రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

అలా పెరిగినవాళ్ళే ఇప్పుడు అమ్మానాయనలయ్యారు. ఏప్రిల్ ఆఖరి వారంలో బడి మూస్తే జూన్ రెండో వారం దాకా పిల్లల్ని ఎలా సంబాళించాలా అని తల పట్టుకుంటున్నారు. ఊరంతా ఫ్లెక్సీలు: ఈత, కరాటే, అబాకస్, స్పోకెన్ ఇంగ్లీషు. ఇవన్నీ మంచివే, కుదిరితే చేర్పించండి. టీటీడీ కూడా బడిపిల్లలకు శుభప్రదం పేరుతో వేసవి తరగతులు నడిపింది. వాటితో పిల్లలకు విద్య అబ్బుతుంది, కొత్త స్నేహితులు దొరుకుతారు. అయితే ముప్పై ఏళ్ళ తర్వాత మీ బిడ్డ ఇలాంటి కాగితం ముందు కూర్చున్నప్పుడు అందులో ఎవరి పేర్లు రాస్తుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటి పనిలోనూ ఇంటి మాటల్లోనూ బిడ్డకు ఒక వంతు దక్కిన వేసవే కలకాలం గుర్తుంటుంది. ఆ వంతు ఇచ్చినవాళ్ళే పెద్దయ్యాక కూడా తనవాళ్ళుగా మిగులుతారు.

శిబిరంలో ఏముంటుంది?

1861లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి, రెండు వారాల పాటు గుడారాల్లో ఉంచాడు. పిల్లల వేసవి శిబిరాల చరిత్రను చాలామంది ఆ నడక నుంచే మొదలుపెడతారు. అక్కడి నుంచి అది అమెరికా అంతటా పాకింది. అక్కడ చిన్నప్పుడు శిబిరానికి పోయినవాళ్ళు ముసలితనంలో కూడా దాన్ని తలుచుకుని మురిసిపోతారు.

ఆ శిబిరాల బలం నాలుగు విషయాల్లో ఉంది. బిడ్డ తన ఇల్లు వదిలి వేరే చోట ఉంటుంది. వేర్వేరు వయసుల పిల్లలు ఒక్కచోట కలుస్తారు. రోజు ఒక వరసలో నడుస్తుంది. అందరికీ తలా ఒక పని ఉంటుంది. ఆ పైన రాత్రిపూట నెగడు చుట్టూ పాటలు, కతలు.

ఈ నాలుగూ అవ్వోళ్ళ ఊళ్ళో ఉన్నవే. పొద్దున్నే పేడనీళ్ళ కళ్ళాపి, అంబలి తాగడం, ఎండెక్కేలోగా తోపుకో చేనికో పోయి రావడం, మధ్యాహ్నం నడవలో పులిజూదం, చల్లబడినాక బిళ్ళంగోడు, రాత్రికి సంగటీ ఊరిబిండీ, ఆ తర్వాత మిద్దె మీద కతలు. ఎవరూ కాగితం మీద రాసిపెట్టని కార్యక్రమం ఏళ్ళ తరబడి తప్పకుండా నడిచింది. శిబిరంలో కలిసిన స్నేహితులు సెలవులయ్యాక తలా ఒక ఊరు చేరుకుంటారు. అవ్వ ఇంట్లో కలిసిన పిల్లలు రేపు మన పెళ్ళిలో పందిరి దగ్గరా, మన కష్టంలో ఆసుపత్రి వరండాలోనూ నిలబడే మనుషులు. అందుకే ఈ శిబిరాన్ని పోగొట్టుకోకూడదు.

జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో మన జ్ఞాపకాలను రెండు రకాలుగా విడదీసి చూపించాడు. తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులని తెలియడం ఒక రకం. ఆ జలపాతం కింద చలికి వణుకుతుంటే చిన్నాయన చెయ్యి వదలకుండా పట్టుకున్నాడని గుర్తుండటం రెండో రకం. మొదటిదాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోవచ్చు. రెండోదానికి మన ఒళ్ళు అక్కడ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి, మనసు కదలాలి. పిల్లల్ని కారులో తిప్పి, దూరం నుంచి చూపించి, ఫోటో తీసి తీసుకొచ్చే ప్రయాణాలు మొదటి రకానికే ఎక్కువ సాయపడతాయి.

రెండో సంగతి మరీ ముఖ్యం. జరిగినదాన్ని మళ్ళీ మాట్లాడుకుంటేనే అది నిలుస్తుంది. రాబిన్ ఫైవుష్, ఎలెయిన్ రీస్ అనే పరిశోధకులు తల్లులు పిల్లలతో పాత సంగతులు ఎలా మాట్లాడతారో ఏళ్ళ తరబడి గమనించారు. కొందరు తల్లులు “బాగుండిందా?” అని అడిగి వదిలేస్తారు. కొందరు “అప్పుడేమైంది? నీ పక్కన ఎవరు కూర్చున్నారు? నీకేమనిపించింది?” అని బిడ్డ చేత చెప్పిస్తారు, బిడ్డ మరిచింది తాము అందిస్తారు. ఇలా చెప్పించే తల్లుల పిల్లలు తమ అనుభవాలను మరింత వివరంగా గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు.

అదే ఫైవుష్, మార్షల్ డ్యూక్ అనే మరో పరిశోధకుడితో కలిసి కుటుంబ చరిత్ర మీద 20 ప్రశ్నలు తయారుచేసింది. మీ అమ్మానాయనలు ఎలా కలిశారు, మీ అమ్మ ఎక్కడ పెరిగింది, నీకీ పేరు ఎందుకు పెట్టారు, ఇలాంటివి. వాటికి ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, మనసు నిబ్బరం ఎక్కువగా కనిపించాయి. ఆ ప్రశ్నల జవాబులు బట్టీ పట్టిస్తే ఫలితం రాదని డ్యూక్ తేల్చి చెప్పాడు. ఆ జవాబులు బిడ్డ చెవిన పడాలంటే ఇంట్లో పెద్దవాళ్ళూ పిల్లలూ చాలాసార్లు కలిసి కూర్చోవాలి. మేలంతా ఆ కూర్చోవడంలో ఉంది.

మూడోది ముగింపు సంగతి. డేనియల్ కానెమాన్, ఆయన తోటి పరిశోధకులు 1993లో చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించి చేసిన ప్రయోగంలో, జనం అనుభవం మొత్తాన్ని దాని నిడివిని బట్టి లెక్కగట్టరనీ, అందులో తీవ్రమైన క్షణాన్నీ చివరి క్షణాలనూ బట్టే గుర్తుపెట్టుకుంటారనీ తేలింది. సెలవులకు కూడా ఇది వర్తిస్తుంది. ఆఖరి రోజు సంచులు సర్దుకుంటూ చిరాకు పడి, అరుచుకుని బయల్దేరితే వారం రోజుల సంతోషానికీ ఆ చేదు అంటుకుంటుంది.

చెనిక్కాయల కుప్ప చుట్టూ

మే ఆఖరు నుంచి చిత్తూరు పల్లెల్లో విత్తనం చెనిక్కాయలు ఒలిచే పని మొదలయ్యేది. తొలకరి పడితే విత్తాలి. మిషన్‌కు వేస్తే గింజ దెబ్బతిని మొలక చెడుతుందని విత్తనానికి మాత్రం చేత్తోనే ఒలిచేవాళ్ళు. నడవలోనో వేపచెట్టు కిందో మూట విప్పి కుమ్మరిస్తే చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. చెనిక్కాయ ఒక కొసన చిన్న ముక్కు ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే కాయ టప్పుమని నోరు తెరుస్తుంది. పక్కకు నొక్కితే లోపల గింజ బద్దలవుతుంది. “ముక్కు కాడ నొక్కు అబ్బోడా, బద్దలైంది మొలవదు” అని అవ్వ ఒకసారి చేసి చూపిస్తుంది. మంచి గింజలు చాటలోకి, ముడుచుకుపోయినవీ బద్దలైనవీ వేరే గిన్నెలోకి. రాత్రి ఊరిబిండికి పనికొచ్చేవి ఆ రెండో గిన్నెలోవే. కాసేపటికి బొటనవేలి కొస కందిపోతుంది. పడికి ఇంత అని కూలి కట్టి ఇస్తే పిల్లలు ఆ డబ్బులు జాతరలో ఖర్చుకు దాచుకునేవాళ్ళు.

ఈ పనిలో చూపంతా గింజల మీద ఉంటుంది, చేతులు ఆగవు, నోరు ఒక్కటే ఖాళీ. అందుకే అక్కడ మాటలు పుట్టేవి. బావి తవ్వినప్పుడు ఎన్ని మట్ల దగ్గర రాయి పడింది, కరువొచ్చిన ఏడు ఏ ఆవును అమ్మి ఎవరి ఫీజు కట్టారు, మీ నాయన బడి ఎగ్గొట్టి ఏ చెట్టు మీద దాక్కున్నాడు, ఇవన్నీ ఆ కుప్ప దగ్గరే తెలిసేవి. ఎదురుగా కూర్చోబెట్టి “ఏం చదువుతున్నావు, మార్కులెన్ని?” అని అడిగితే ముడుచుకుపోయే పిల్లవాడు, గింజలు ఒలుస్తూ ఉంటే తనంతట తానే బడిలో ఎవరు కొట్టారో, ఎవరంటే భయమో బయటపెడతాడు. ఎవరూ తన ముఖంలోకి చూడటం లేదు కాబట్టి చెప్పడం తేలిక.

మీ ఇంట్లో చెనిక్కాయలు పండకపోవచ్చు. ఆ కుప్ప చేసిన పనిని చేయగలిగినవి వేరే చాలా ఉన్నాయి. ఊరగాయకు మామిడికాయలు కడిగి తుడవడం, చింతపండు గింజలు తీయడం, మిద్దె మీద వడియాలు పెట్టడం, మామిడి తాండ్రకు రోజుకొక పొర పోయడం. నాలుగు వయసుల వాళ్ళూ చెయ్యగలిగేది, నింపాదిగా సాగేది, చివర్లో కంటికి కనబడే ఫలితం ఇచ్చేది అయితే చాలు. తాండ్ర ముఖ్యంగా మంచిది. తీపి బేనీషా పండ్ల గుజ్జు బెల్లంతో కలిపి, చాప మీద పలచగా పూసి ఎండబెట్టాలి. అది ఆరినాక మరుసటి రోజు మళ్ళీ పూయాలి. రోజూ ఆ పని కోసం పిల్లలు లేచి వస్తారు. మందం పెరగడాన్ని వేలితో తాకి చూసుకుంటారు.

పద్దెనిమిది రోజుల భారతం

ఈ ప్రాంతానికి ఉన్న మరో గొప్ప ఆస్తి భారతం. చిత్తూరు, పుత్తూరు, నగరి, కార్వేటినగరం వైపు ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళలో వేసవి వచ్చిందంటే మహాభారత ఉత్సవాలు మొదలవుతాయి. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. పగలు విన్న కథే రాత్రి వేషం కట్టుకుని కళ్ళెదుటికి వస్తుంది. బకాసుర వధ నాడు భీముడి వేషగాడు అన్నం బండెక్కి ఊరంతా తిరుగుతుంటే పిల్లలు వెంట పరిగెత్తుతారు. అర్జునుడి తపస్సు నాడు పొడవాటి తపస్సు మానును ఎక్కుతూ వేషగాడు మెట్టు మెట్టుకూ పద్యం పాడతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ వరపడి ఉంటారు. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయలూ పూలూ విభూతీ కోసం ఊరంతా తలలెత్తి చేతులు చాస్తుంది. ఆఖర్న దుర్యోధన వధ. నేల మీద పడుకున్నట్టు కట్టిన పెద్ద మట్టిబొమ్మ చుట్టూ భీమ దుర్యోధనులు తరుముకుంటారు. తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడుస్తుంది. ఆ మట్టిని జనం ఇంటికి తీసుకుపోయి గాదెలోనో పొలంలోనో వేసుకుంటారు. సాయంత్రం అగ్నిగుండం, మరునాడు ధర్మరాజు పట్టాభిషేకం.

పెళ్ళై పోయిన ఆడబిడ్డలు, బెంగళూరు, చెన్నైలకు పనులకు పోయినవాళ్ళు ఆ రోజులకు ఊరు చేరతారు. ఒకే ఇంట్లో మూడు తరాలు ఒకే చాప మీద కూర్చుని ఒకే ఆట చూస్తాయి. ఏ వేషం ఎవరు కట్టారో, తాత కాలంలో దుర్యోధనుడు ఎంత బాగా పాడేవాడో చెప్పుకుంటారు. జ్ఞాపకానికి కావలసిన సరుకంతా ఇందులో ఉంది. చోటు మారదు, కథ మారదు, ఏటా బిడ్డ మాత్రం ఒక ఏడు పెరిగి వస్తుంది. పోయినేడు నిద్రపోయిన చోట ఈ ఏడు మేలుకుని చూస్తుంది.

మీ పిల్లల్ని భారతానికి తీసుకుపోతే ఒక్క రాత్రితో సరిపెట్టకండి. కనీసం మూడు రోజులు ఉండండి. దుర్యోధనుడి బొమ్మ కడుతుండగా ముందురోజే తీసుకుపోయి చూపండి. వేషాలు వేసుకునే చోటు దగ్గర నిలబెట్టండి. తపస్సు మాను దగ్గర అత్త కోసం ఒక నిమ్మకాయ పట్టుకు రమ్మని పని చెప్పండి. ఆ కాయ కోసం ఎగిరిన పిల్లవాడు ఆ సాయంత్రాన్ని మరచిపోడు, అత్తా మరచిపోదు.

జాతర వేషం

తిరుపతిలో ఉన్నవాళ్ళకు మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. చాటింపు వేసిన దగ్గర నుంచి ఊరు వేరే ఊరవుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా రోజుకొక వేషం. పాలెగాడి దుర్మార్గాన్ని అణచడానికి గంగమ్మ రోజుకొక వేషంలో వెతుకుతూ తిరిగిందన్న కథను జనం తమ ఒంటి మీద మోస్తారు. బైరాగి నాడు తెల్లసుద్ద, తోటి నాడు బొగ్గుపొడి, వేపమండలు. మగవాళ్ళు చీరలు కట్టి, సవరం పెట్టి, పూలు ముడుచుకుని మొక్కు తీర్చుకుంటారు. చిత్తూరులో నడివీధి గంగమ్మ జాతర, కుప్పంలో గంగమ్మ జాతర కూడా ఆ రోజుల్లోనే.

ఇక్కడ పిల్లవాడు నిలబడి చూసేవాడు కాదు, మొక్కు తనదే. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు పెడుతుంది, అక్క కాటుక దిద్దుతుంది, తన చిన్నప్పుడు ఇదే వేషం కట్టిన నాయన పక్కన నడుస్తాడు. ఇంటిల్లిపాదీ ఒక బిడ్డను సింగారించడానికి చుట్టూ చేరే ఆ గంటలో ఎవరికి వారు తమ వంతు చేస్తారు. మొక్కుబడి మీ నమ్మకంలో లేకపోతే మీ ఇంటికి తగిన మరో ఆనవాయితీ చూసుకోండి. ఉర్సు కావచ్చు, చర్చి పండుగ కావచ్చు, ఊరి క్రికెట్ పోటీ కావచ్చు. నాయన చేసినదాన్ని బిడ్డ చెయ్యడం, పెద్దవాళ్ళు దగ్గరుండి చేయించడం ముఖ్యం.

మీ ఇంటి శిబిరానికి ఏడు పనులు

ఒకటి, తేదీలు ముందే ఖాయం చేసుకోండి. “వీలైతే వస్తాం” అన్న మాటతో ఎవరూ రారు. జాతరో, భారతమో, మామిడి కోతో, అవ్వా తాతల పెళ్ళిరోజో ఏదో ఒకదానికి ముడిపెట్టి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలందరూ కనీసం ఒక వారం ఒకే ఇంట్లో ఉండేలా చూడండి. ఏటా అదే వారం అయితే పిల్లలు జనవరి నుంచే ఎదురుచూస్తారు. అమెరికా నుంచి జూన్, జూలైల్లో వచ్చే పిల్లలకు బెంగళూరా మామిడి కోత, చెనిక్కాయల విత్తు అందుతాయి. వాళ్ళ తేదీలు వాటికి కలపండి.

రెండు, ప్రతి బిడ్డకూ ఒక పని ఇవ్వండి. అది ఏటా పెరగాలి. అయిదారేళ్ళ వాళ్ళు వడియాల దగ్గర కాకుల్ని తోలతారు. తొమ్మిది, పదేళ్ళ వాళ్ళు గింజలు ఒలుస్తారు, వేయించిన చెనిక్కాయల పొట్టు ఊదుతారు. పన్నెండు దాటినవాళ్ళు పెద్దల పక్కన నిలబడి సంగటి గెలకడం నేర్చుకుంటారు, అంగడికి పోయి సరుకులు తెచ్చి లెక్క అప్పజెబుతారు. తోపులో పెద్ద పిల్లవాడు చిక్కం కట్టిన గడతో కాయను తొడిమతో సహా దించుతాడు, చిన్నవాడు కింద అందుకుని సొన ఒంటికి తగలకుండా బోర్లించి పెడతాడు. “పోయినేడు నువ్వు కాకులు తోలావు, ఈ ఏడు సంగటి నీదే” అని అవ్వ అనడం ఆ బిడ్డకు పెద్ద గౌరవం.

మూడు, మధ్యాహ్నాలు పిల్లలకే వదిలేయండి. పులిజూదం, వామనగుంటలు, గచ్చకాయలు నేర్పించి పెద్దవాళ్ళు తప్పుకోవాలి. కొట్లాడుకుంటారు, అలుగుతారు, మళ్ళీ వాళ్ళే కలుస్తారు. ప్రతిదానికీ తీర్పు చెప్పబోతే వాళ్ళకు వాళ్ళు సర్దుకునే విద్య అబ్బదు. ఫోన్ల సంగతి మొదటి రోజే తేల్చేయండి. రోజుకు ఎంతసేపు అనేది పిల్లలకూ పెద్దలకూ ఒకే నియమం కావాలి.

నాలుగు, రాత్రి మాటలకు ఒక వేళ పెట్టండి. భోజనాలయ్యాక మిద్దె మీద తలా ఒక సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళను పిల్లల చేత అడిగించండి: నువ్వు బడిలో ఎప్పుడైనా ఏడ్చావా అవ్వా? ఈ ఇల్లు కట్టినప్పుడు రాయి ఎక్కడి నుంచి వచ్చింది? తాత నీతో మొదట మాట్లాడిన మాట ఏంది? మా నాయనను నువ్వు ఎప్పుడు కొట్టావు? కష్టాల కతలు దాచొద్దు. కరువు, అప్పు, చదువు ఆగిపోవడం, తర్వాత కోలుకోవడం విన్న బిడ్డకు రేపు తన కష్టం మొదటిది కాదని తెలుస్తుంది.

అయిదు, ఒంటికి శ్రమ కలిగే ఒక పని అందరూ కలిసి చెయ్యండి. తిరుమలకు నడిచి ఎక్కడం ఈ ప్రాంతం వాళ్ళకు అందుబాటులో ఉన్న గొప్ప అవకాశం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. తెల్లవారుజామునే మొదలుపెట్టండి, పిల్లల విషయంలో అప్పటికి అమల్లో ఉన్న వేళలూ నిబంధనలూ ముందే తెలుసుకోండి, గుంపు విడిపోకుండా నడవండి. మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టే పని పిల్లలకు వంతులవారీగా ఇవ్వండి. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. చంద్రగిరి కోట, హార్సిలీ కొండ, కైలాసకోన కూడా మంచివే. ఒక్క రోజులో అన్నీ తిప్పకుండా ఒకే చోట పొద్దంతా గడపండి.

ఆరు, ఆఖరి రోజును ముందే ఆలోచించి పెట్టుకోండి. ప్రయాణం సర్దుళ్ళు ముందురోజే ముగించండి. ఆ పొద్దున అందరూ కలిసి తినాలి. పిల్లలు తాము పోసిన తాండ్రను తామే కోసి, ఎవరి ఇంటికి ఎంతో పంచాలి. నడవ గోడ మీద తలా ఒకరి ఎత్తు గీసి తేదీ వేయండి. వచ్చే ఏడు తేదీ చెప్పుకుని బయల్దేరండి.

ఏడు, ఇంటికి వచ్చాక మాట ఆగనివ్వకండి. దసరాకో దీపావళికో పిల్లల చేతే పిల్లలకు ఫోన్ చేయించండి. ఒక నోటు పుస్తకం పెట్టి, ఏడాదికి రెండు పేజీలు చొప్పున ఎవరెవరు వచ్చారు, ఏం చేశారు, అవ్వ ఏం చెప్పింది రాయించండి. ఫోటోలు ఫోన్లోనే పడి ఉండకుండా పది ఎంచి ముద్రించి, వెనుక పేర్లు రాయండి. అవి చేతిలోకి తీసుకున్నప్పుడు “అప్పుడేమైంది?” అని అడగండి.

అడ్డుపడేవి, దాటే దారులు

అవ్వ లేదు, ఊళ్ళో ఇల్లు అమ్మేశాం, బావి ఎండిపోయి వెయ్యి అడుగుల బోరు కూడా నీళ్ళు ఇవ్వడం లేదు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ శిబిరం తిరుపతిలోని రెండు గదుల ఫ్లాట్‌లోనైనా జరుగుతుంది. పెద్దమ్మ ఇల్లయినా సరే, మేనమామ ఇల్లయినా సరే. చోటు మారకుండా, మనుషులు తప్పకుండా వస్తే పిల్లలకు అదే అవ్వ ఇల్లు. బంధువులే లేనివాళ్ళు రెండు మూడు స్నేహితుల కుటుంబాలతో కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. ఏటా కలిస్తే, పని పంచుకుంటే, ఆ పిల్లలు కూడా అన్నా చెల్లెళ్ళే అవుతారు.

వంటగది సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఇరవైమంది వారం రోజులు తింటే ఆ చాకిరీ ఎక్కువగా అవ్వ మీద, కోడళ్ళ మీద పడుతుంది. ఆ వారం వాళ్ళకు శిక్షగా మారితే మూడో ఏడుకు శిబిరం ఆగిపోతుంది. మగవాళ్ళకు వంతులు వేయండి. ఒక పూట సంగటి గెలకడం, ఒక పూట గిన్నెలు తోమడం నాయనలదీ మామలదీ కావాలి. నాయన గిన్నెలు తోముతుంటే చూసిన కొడుకు రేపు తన ఇంట్లో అడగకుండానే తోముతాడు.

పోలికలు పూర్తిగా మానండి. “వాడికి 95 వచ్చాయి, నీకెన్ని?” అన్న ఒక్క మాటతో ఇద్దరు పిల్లల మధ్య ఏళ్ళ తరబడి గోడ లేస్తుంది. ఆ వారం మార్కుల మాట, ర్యాంకుల మాట, రంగు మాట, లావు సన్నం మాట ఎత్తకూడదని పెద్దలంతా ముందే అనుకోండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పెద్దవాళ్ళ తగాదా. గట్టు దగ్గర మాట, పంపకాల్లో తేడా, పెళ్ళిలో జరిగిన అవమానం. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తే పిల్లలకు వేసవి పోతుంది. మీ తగాదాలో న్యాయం మీ పక్షాన ఉండవచ్చు. దాన్ని కోర్టులోనో పెద్దమనుషుల ముందో తేల్చుకోండి. పిల్లల రాకపోకలను మాత్రం దానికి ముడిపెట్టొద్దు. “మాకు మాకు ఉండేది మేం చూసుకుంటాం, బిడ్డల్ని వారం పంపించు వదినా” అని ఒక్కరు దిగివచ్చి అడిగితే చాలా ఇళ్ళలో తలుపు తెరుచుకుంటుంది. అడిగినవాళ్ళు చిన్నబోరు.

ఈ వారం చేయాల్సింది

మొదట్లో రాసిన అయిదు సంగతుల కాగితాన్ని మీ పిల్లల ముందు చదవండి. అందులో పేరున్న ప్రతి మనిషి గురించీ ఒక మాట చెప్పండి. తర్వాత ఆ పేర్లలో చాలా రోజులుగా మాట్లాడని ఒకరికి ఫోన్ చేసి, ఆ సంగతి గుర్తుందా అని అడగండి. మాట కలిశాక తేదీల సంగతి ఎత్తండి. ఏ వారం, ఎవరి ఇంట్లో, ఎవరెవరు, ఏ పని చేద్దాం అన్నది ఈ నెలలోనే తేల్చుకుని గోడమీది క్యాలెండర్‌లో రాయండి. మొదటి ఏడు ముగ్గురే రావచ్చు, ఆటలు కుదరకపోవచ్చు, తాండ్ర బూజు పట్టవచ్చు. అయినా రెండో ఏడు అదే వారం, అదే ఇంటికి పొండి. మూడో ఏటికి తేదీ ఎప్పుడని పిల్లలే అడుగుతారు, ఆ పైన దాన్ని నడిపించే పని వాళ్ళే అందుకుంటారు.